మట్టిబొమ్మ నరబలికి మారుగా వచ్చిందా? ప్రాచీన చైనా సమాధుల సాక్ష్యం

ప్రాచీన చైనాలో చనిపోయినవారి వెంట మొదట మనుషుల్ని చంపి పూడ్చేవారనీ, కాలక్రమంలో మనసు కరిగి మట్టిబొమ్మలు పెట్టసాగారనీ చెప్పడం పరిపాటి. సమాధులు చెప్పే సాక్ష్యం ఇంత సూటిగా లేదు.

అన్‌యాంగ్‌లో 1976లో తవ్విన షాంగ్ వంశపు రాణి ఫు హావో సమాధిలో ఆమెతోపాటు బలైన 16 మంది అవశేషాలు దొరికాయి. చిన్ రాజ్యాధిపతి ము క్రీ.పూ. 621లో మరణించినప్పుడు 177 మందిని వెంట పంపారని చరిత్రకారుడు సిమా చియాన్ రాశాడు. ఆ రాజ్యమే క్రీ.పూ. 384లో ఈ ఆచారాన్ని నిషేధించింది. అయినా క్రీ.పూ. 210లో చైనా మొదటి చక్రవర్తి పోయినప్పుడు సంతానం లేని అంతఃపుర స్త్రీలను చంపించారనీ, సమాధి గుట్టు తెలిసిన పనివాళ్లను లోపలే మూసేశారనీ సిమా చియానే చెబుతాడు. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డ మట్టిసైన్యం ఈ చక్రవర్తిదే. వేల బొమ్మలున్నా మనుషుల ప్రాణాలు దక్కలేదు. బొమ్మ పెట్టడాన్ని ఆనాటివాళ్లందరూ దయగా భావించారనీ అనలేం. మనిషిని పోలిన సమాధి బొమ్మను మొదట చేసినవాణ్ని కన్ఫ్యూషియస్ నిందించాడని తత్వవేత్త మెన్షియస్ గ్రంథంలో ఉంది.

కాబట్టి బొమ్మ దేనికి బదులు అని కాక, చనిపోయినవారికి ఏం అవసరమనుకున్నారు అని అడగాలి. క్రీ.పూ. 141లో మరణించిన హాన్ వంశపు చక్రవర్తి జింగ్ సమాధి దీనికి మంచి జవాబిస్తుంది. అక్కడి బొమ్మలు సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు, ఒంటిమీద బట్టల్లేవు, చేతుల్లేవు. భుజాల దగ్గర మాత్రం గుండ్రటి రంధ్రాలున్నాయి. వాటిలో కొయ్య చేతులు దూర్చి, కుట్టిన దుస్తులు తొడిగారు. కొయ్య, గుడ్డ చివికిపోగా మట్టి మిగిలింది. వాటితోపాటు ఆవులు, మేకలు, పందులు, కుక్కలు, కోళ్లు ఉన్నాయి. అదే వంశకాలపు ఇతర సమాధుల్లో ధాన్యపు గాదెలు, బావులు, పందులదొడ్లు కనిపిస్తాయి. మట్టిపొయ్యి మీద చేపను, గరిటెను కూడా అచ్చుపోశారు.  ఇక్కడ ఇల్లు గడవాలన్న చింత కనిపిస్తుంది.

తర్వాతి తాంగ్ వంశ కాలానికి హోదా ముందుకొచ్చింది. మూడో శ్రేణి, ఆపై అధికారులకు 90, అయిదో శ్రేణి దాకా 60, తొమ్మిదో శ్రేణి దాకా 40 సమాధి వస్తువులని నియమం పెట్టారు. శవయాత్రలో వీటిని ఊరేగించేవారు కనుక ఆడంబరానికి హద్దు గీయాల్సి వచ్చింది. తెల్లమట్టి బొమ్మను ఒకసారి కాల్చి, సీసం కలిసిన మెరుపుపూత వేసి, తక్కువ వేడిలో మళ్లీ కాల్చేవారు. రాగితో ఆకుపచ్చ, ఇనుముతో తేనెరంగు, కోబాల్టుతో నీలం వచ్చేవి. పూత కిందికి జారుతుంది కనుక చాలా బొమ్మల ముఖానికి దాన్ని వేయకుండా, కళ్లు, పెదవులు కుంచెతో దిద్దేవారు. భూతాన్ని తొక్కి నిలబడ్డ రక్షకులు బౌద్ధ లోకపాలుర రూపంలో ఉంటారు. ఆ రూపం మూలాలు భారతదేశంలో ఉన్నాయి.

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో లుయోయాంగ్ దగ్గర రైలుమార్గం వేస్తుండగా తాంగ్ సమాధులు తెగి, బొమ్మలు వ్యాపారుల చేతుల్లో పడ్డాయి. మ్యూజియాల అద్దాల వెనక ఉన్న గుర్రాలు, ఒంటెలు అనేకం అలా చేరినవే. ఏ గదిలో, ఎవరి శవపేటిక పక్కన, ఏ దిక్కుకు తిరిగి అవి నిలిచాయో ఇక తెలియదు. ఆచారం గురించి మనం అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆ వివరాల చుట్టూనే ఉన్నాయి.