ముక్కు మేనమామది, మరి తోక?

పెళ్లికి వెళ్లామంటే పసిపిల్లల పోలికలు తేల్చనిదే మనకు భోజనం సహించదు. ముక్కు మేనమామది, కళ్లు నాయనమ్మవి, ఆ మొండితనం మాత్రం అచ్చం వాళ్ల నాన్నదేనని నిమిషంలో తీర్పు చెప్పేస్తాం. ఈ విద్యకు నీళ్ల మీద కూడా పని ఉంటుందని మొన్నటి చలికాలం కరీంనగర్‌లో దిగువ మానేరు డ్యాం గట్టు మీద నిలబడేదాకా నాకు తెలియదు.

మా అక్క కొడుక్కి పక్షుల పిచ్చి. తెల్లవారకుండానే నన్ను లేపి, ఫ్లాస్కులో టీ పోయించి మరీ తీసుకెళ్లాడు. 1985లో ఆ డ్యాం పూర్తయినప్పటి నుంచి చూస్తున్నదాన్నే గాని, దుర్భిణీలోంచి చూడ్డం అదే మొదలు. చుక్కలముక్కు బాతులు ఓ ఇరవై దాకా ఉన్నాయి. నల్లటి ముక్కు, దాని చివర పసుపు అద్దినట్టు, మొదట్లో రెండు ఎర్రబొట్లు. ఏడాది పొడుగునా మన చెరువుల్లో ఉండేవే. వాటి మధ్య ఒకటి తేడాగా కనిపించింది. ముక్కు చివర పసుపుంది, బొట్లు లేవు. తోక మీద రెండు ఈకలు ఉంగరాలు తిరిగి ఉన్నాయి.

“కొత్త జాతిరా!” అన్నాను.

“తొందరపడకు చిన్నమ్మా. ఆ తోక ఎవరిదో ముందు చెప్పు,” అన్నాడు వాడు.

గట్టున వల సర్దుకుంటున్న ఆయన మా మాటలు విని నవ్వాడు. “పెంపుడు బాతు తీరుగుంటది గని, మనిషిని చూస్తే ఎగిరిపోతది,” అన్నాడు. సగం జవాబు ఆయన నోటనే వచ్చేసింది.

ఆ ఉంగరాల తోక మల్లార్డ్ అనే బాతు సొత్తు. ఆకుపచ్చ తల ఉండే మగబాతుకే ఆ సోకు. అడవి మల్లార్డ్ మన దక్కనుకు రావడం చాలా అరుదు. అయితే మస్కొవీ బాతును మినహాయిస్తే, ప్రపంచంలోని పెంపుడు బాతులన్నీ దాని సంతతే. రంగు తెల్లబడినా, ఒళ్లు బరువెక్కినా, మగవాటికి తోక మెలిక మాత్రం పోలేదు. ఊరి పెంపుడు బాతు చుక్కలముక్కు బాతుతో జత కడితే, పిల్లకు ముక్కు ఒకరిది, తోక ఒకరిది వస్తుందన్నమాట. అనుమానం తీరకపోతే రెక్క విప్పినప్పుడు చూడాలి. చుక్కలముక్కు దాని రెక్క మీద పచ్చటి పట్టీ, మల్లార్డ్‌కి నీలం పట్టీ.

అలాగని తేడాగా కనిపించిన ప్రతిదీ సంకరం కాదు. ఉత్తరాది నుంచి వలస వచ్చే మగబాతులు చాలా వరకు పిల్లల్ని కన్న తర్వాత తమ రంగుల ఈకలు రాల్చి, ఆడవాటిలా మట్టిరంగు తొడుక్కుంటాయి. అక్టోబరులో మన చెరువులకు చేరేసరికి కొన్ని ఆ సగం వేషంలోనే ఉంటాయి. వాటిని చూసి పొరపడడం తేలిక.

పొరపడ్డవాళ్లలో మహామహులున్నారు. అమెరికాలో పక్షుల బొమ్మలకు పేరుపడ్డ ఆడుబన్‌కు 1822లో లూసియానాలో ఒక వింత బాతు దొరికింది. దాని బొమ్మ వేసి, స్నేహితుడి పేరు కలిపి ‘బ్రూవర్ బాతు’ అన్నాడు. తీరా అది మల్లార్డ్‌కీ, గాడ్వాల్ అనే ఇంకో బాతుకీ పుట్టిన బిడ్డ! 1847లో ఇంగ్లండులో బార్ట్‌లెట్ అనే ఆయన ‘పేజెట్ బాతు’ అని మరో కొత్త జాతిని ప్రకటించాడు. అదీ సంకరమే. దాని తల్లిదండ్రుల జాతులు రెండూ చలికాలంలో మన దేశానికి వచ్చేవే. పక్షిని చేతిలో పెట్టుకుని చూసినవాళ్లే అలా పొరబడితే, గట్టు మీది నుంచి చూసే నేనెంత?

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో, 1931–32లో, సలీం అలీ హైదరాబాద్ రాజ్యంలోని పక్షులను లెక్కకెక్కించారు. ఆ గుడారాల బతుకులో భార్య తెహ్‌మినా కూడా ఆయన వెంట ఉన్నారు. ఆ కాలపు పద్ధతి తుపాకీతో కొట్టి, చర్మం వలిచి, చీటీ కట్టి భద్రపరచడం. ఇప్పుడు తుపాకీ పోయి కెమెరా వచ్చింది. పక్షికి ప్రాణం మిగిలింది, మనకు ఓపిక అవసరం పెరిగింది.

ఎవరికి పుడితే మనకేం అంటారా? నేనూ అదే అన్నాను. అప్పుడు మావాడు స్పెయిన్ సంగతి చెప్పాడు. అక్కడ తెల్లతల బాతులు 1977 నాటికి 22 మిగిలాయి. వేట ఆపి కాపాడితే కోలుకున్నాయి. ఈలోగా ఇంకో ముప్పు వచ్చిపడింది. 1948లో ఇంగ్లండులోని స్లిమ్‌బ్రిడ్జికి ముచ్చటపడి తెచ్చుకున్న అమెరికా రడ్డీ బాతుల సంతతి, తప్పించుకుని పెరిగి పెరిగి స్పెయిన్ దాకా పాకింది. తెల్లతల బాతులతో జత కట్టింది. పిల్లలకీ పిల్లలు పుడుతూ ఉంటే అసలు జాతే కరిగిపోతుందని భయపడి, సంకరాలను ఏరి కాల్చారు. గుర్తు తప్పితే చచ్చేది అసలైన బాతే! న్యూజీలండులో ఆ జాగ్రత్తకు వేళ మించిపోయింది. వేట సరదాకి తెచ్చి వదిలిన మల్లార్డులతో కలిసిపోయి, అక్కడి బూడిదరంగు బాతు అచ్చమైనది దొరకడమే కష్టమైంది.

ఇందులో బాతుల తప్పేముంది? తెచ్చి వదిలినవాళ్లం మనం. అందుకే పోల్చుకునే పూచీ కూడా మనదే.

ఎండెక్కింది. మా ఉంగరాల తోకది ఒక్కసారి రెక్క విప్పి, నీళ్ల మీద పరుగెత్తి లేచిపోయింది. పట్టీ పచ్చనో నీలమో పట్టుకునేలోగా దాటిపోయింది. మావాడు నోటుబుక్కులో తేదీ వేసి, ‘పసుపు ముక్కు, బొట్లు లేవు, మెలిక తోక’ అని రాసి ఊరుకున్నాడు.

“పేరు రాయవేంరా?”

“రెక్క చూడలేదుగా చిన్నమ్మా.”

ఆ తర్వాత వారమే ఓ పెళ్లికి వెళ్లాను. ఎవరో పసిపాపను నా ఒళ్లో పెట్టి, “ఎవరి పోలికండీ?” అని అడిగారు. “కాస్త పెరగనివ్వండి, చూద్దాం,” అన్నాను. నాకు ఒంట్లో బాగాలేదేమోనని అంతా కంగారుపడ్డారు.