కోటగోడ అవతల మదురై జంక్షన్

మదురై జంక్షన్ తూర్పు వాకిట్లోంచి బయటికొస్తే రోడ్డవతల మంగమ్మ సత్రం. మనుమడు విజయరంగ చొక్కనాథుడు పసివాడు కావడంతో 1689 నుంచి 1706 దాకా రాజ్యం నడిపిన రాణి మంగమ్మ బాటసారుల కోసం కట్టించింది. తిరుచ్చి నుంచి రైలు ఇక్కడికి చేరింది 1875లో. అంటే బస ముందు, బండి తర్వాత. మా తెలుగిళ్ళలో పెద్దవాళ్ళు స్టేషను ఎక్కడంటే 'సత్రానికి ఎదురుగా' అనేవారు.

స్టేషను అక్కడే ఎందుకుందో తెలియాలంటే నాయకరాజుల కోట సంగతి తెలియాలి. విశ్వనాథ నాయకుడి కోటకు 72 బురుజులు, ఒక్కో బురుజు ఒక్కో పాళెగాడి కాపలాలో ఉండేది. లోపల మీనాక్షి గుడి చుట్టూ వరసగా చిత్తిర, ఆవణి మూల, మాసి వీధులు. 1840ల ప్రాంతంలో కలెక్టరు బ్లాక్‌బర్న్ గోడలు కూల్పించి కందకాలు పూడ్పించాడు. ఆ నేల మీద లేచినవే వెళి వీధులు, మారెట్ వీధులు, పెరుమాళ్ మేస్త్రి వీధులు. మారెట్ సర్వేయరు, పెరుమాళ్ కూల్చివేత పని చూసిన మేస్త్రి. కూల్చినవాళ్ళకు వీధులు దక్కాయి, కట్టిన మేస్త్రుల పేర్లు అడిగేవాళ్ళే లేరు. పెరియార్ బస్టాండు దగ్గర మాత్రం పాత కోట ముక్క ఒకటి మిగిలింది.

రైలుపట్టాలు పడమటి గోడ జాడకు అవతల పడ్డాయి. అందుకే స్టేషను మొహం తూర్పుకి, ఊరివైపుకి. ఎదురుగా టౌన్‌హాల్ రోడ్డు పట్టుకుని నడిస్తే గుడి పడమటి గోపురం దాకా దారి తప్పే పనే లేదు. వెనక రైల్వే కాలనీ, అరసరడి, ఎల్లిస్ నగర్ పెరిగినా, అక్కడివాళ్ళకున్న పడమటి ద్వారం పెరటి గుమ్మంలాగే ఉండిపోయింది.

2022 మే 26న శంకుస్థాపన జరిగిన పునర్నిర్మాణ ప్రణాళికలో నాకు నచ్చింది ఇదే: తూర్పుకీ పడమరకీ చెరో టెర్మినల్, రెండింటినీ కలుపుతూ పట్టాల మీదుగా విశాలమైన హాలు, పెరియార్ బస్టాండుకు సబ్‌వే. పడమటివాళ్ళకు ఇన్నాళ్ళకు వీధి గుమ్మం వస్తోంది.

ముఖభాగం మీద గోపురాల నకళ్ళు అతికించాలన్న మోజు మాత్రం నాకు లేదు. స్టేషను ముందు తీసేసిన మూడు చేపల విగ్రహం కోసం హైకోర్టు దాకా వాదన నడిచింది. పాండ్యుల గుర్తు కదా, నడవాల్సిందే. సత్రం కోసం అంత పట్టుపట్టినవాళ్ళను నేను చూడలేదు. కొత్త వాకిలికీ సత్రానికీ మధ్య హోర్డింగులు, ఆటో స్టాండులు అడ్డు రాకుండా చూసి, లోపలి బోర్డుల్లో గుడి పేరు కింద సత్రం పేరు కూడా రాయిస్తే అదనంగా అయ్యే ఖర్చు రంగుడబ్బా పాటిది.