నవోదయ ప్రవేశాలు

జవాహర్ నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి సీట్లకు జిల్లాలవారీగా జరిగే ఎంపిక. 1986 జాతీయ విద్యా విధానంతో విస్తరించిన ఈ కేంద్ర ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలు ప్రధానంగా పల్లె పిల్లల కోసం పుట్టినవి. కనీసం 75 శాతం సీట్లు వారివే. ఈ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు గ్రామీణ బడిలోనే చదివి ఉండాలి. మధ్యలో ఒక్కరోజు పట్నం బడిలో చదివినా అర్హత పోతుంది. కనీసం మూడోవంతు సీట్లు బాలికలకు. ఎస్సీ, ఎస్టీల వాటా జిల్లా జనాభాను బట్టి మారినా జాతీయ స్థాయి 15, 7.5 శాతాలకు తగ్గదు. పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు, ఒక్కసారే. 100 మార్కుల్లో 50 మేధాశక్తి ప్రశ్నలకే. బడి నాసిరకమైనా చురుకైన పిల్లలు దొరకాలన్నది ఉద్దేశం. కానీ కోచింగ్ సెంటర్లు ఆ ప్రశ్నలకూ తర్ఫీదు ఇచ్చేస్తున్నాయి. ఆదాయ పరిమితి లేదు కాబట్టి గ్రామీణ కోటాలో కూలీ బిడ్డ, ఊళ్లోని టీచరు బిడ్డ ఒకే వరుసలో పోటీపడాలి.