ఖుసైర్ రేవు: మట్టిలో దొరికిన చరిత్ర ఎవరిది?

ఈజిప్టు దేశపు ఎర్రసముద్ర తీరాన ఖుసైర్ అనే చిన్న పట్టణం ఉన్నది. నైలు నదీతీరం నుండి ఎడారి దారిన ఒంటెలపై వచ్చిన హజ్ యాత్రికులు ఇక్కడ ఓడలెక్కి హిజాజ్ చేరుకునేవారు. ఈ రేవు రక్షణ కోసం ఉస్మానియా ప్రభుత్వం 1571లో ఒక కోటను నిర్మించింది. 1869లో సూయజ్ కాలువ తెరవబడిన తర్వాత రేవు ప్రాముఖ్యం క్షీణించింది. అయితే ఈ పట్టణానికి ఉత్తరాన సుమారు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, ఇసుక దిబ్బల కింద, ఇంతకంటే ప్రాచీనమైన రేవు మరొకటి ఉన్నది. దానిని ఖుసైర్ అల్ ఖదీమ్, అనగా పాత ఖుసైర్ అని పిలుస్తారు.

షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ విట్‌కోంబ్, జానెట్ జాన్సన్ 1978, 1980, 1982 సంవత్సరాలలో అక్కడ తవ్వకాలు జరిపారు. ఒక వర్తకుని ఇంటి శిథిలాలలో వందలాది కాగితపు ముక్కలు బయటపడ్డాయి. ఆ వర్తకుని పేరు షేఖ్ అబూ ముఫర్రిజ్. ఆయన హిజ్రీ 7వ శతాబ్ది, అనగా క్రీ.శ. 13వ శతాబ్ది ప్రారంభంలో జీవించినవాడు. ఆ కాగితాలు సరుకుల చీటీలు, లెక్కలు, ఉత్తరాలు. నైలు లోయలో పండిన ధాన్యం ఈ రేవుకు చేరి, ఇక్కడి నుండి సముద్రం దాటి హిజాజ్‌కు వెళ్ళేదని వాటివలన తెలుస్తున్నది. సుల్తానుల విజయగాథలు చరిత్ర గ్రంథాలలో పుష్కలంగా ఉన్నాయి. పవిత్ర నగరాల ప్రజలకు రొట్టె సమకూర్చిన సామాన్య వర్తకుల జీవితం మాత్రం ఈ చిరిగిన కాగితాలలోనే మిగిలి ఉన్నది. వీటిలో కొన్నింటిని పరిష్కరించి లీ గువో అనే పండితుడు 2004లో గ్రంథంగా ప్రకటించాడు.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. ఈ ఉత్తరాలు అరబీలో వ్రాయబడినవి. ఖుసైర్ ప్రజల భాష అరబీయే. కాని తవ్వకాల నివేదికలు, వాటిపై పండితుల చర్చలు ప్రధానంగా ఆంగ్లంలో వెలువడ్డాయి. పరిశోధకులు వచ్చి, తవ్వి, తమ దేశాలకు తిరిగిపోవడం ఆ కాలంలో అనేక చోట్ల వాడుకగా ఉండేది. ఊరివారు మట్టి మోసే కూలీలుగా మాత్రమే పాల్గొనేవారు. ఆ మట్టిలో ఏమి దొరికిందో, దాని అర్థమేమిటో వారికి వివరించడం పరిశోధకుని బాధ్యతగా ఎంచబడేది కాదు.

1999 నుండి 2003 వరకు సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వారు అక్కడే తిరిగి తవ్వకాలు జరిపినపుడు ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం జరిగింది. స్టెఫనీ మోజర్ మొదలైనవారు స్థానిక వారసత్వ సంఘంతో కలిసి ఒక పథకాన్ని రూపొందించారు. పనుల వివరాలను అరబీ, ఆంగ్ల భాషలు రెండింటిలోనూ అందజేశారు. ఊరివారినే కార్యకర్తలుగా నియమించి శిక్షణ ఇచ్చారు. తమ ఊరి గతాన్ని గురించి ప్రజలు ఏమనుకుంటున్నారో అడిగి, వారి మాటలను భద్రపరచారు. బాలబాలికల కోసం పాఠ్యసామగ్రి తయారుచేశారు. దొరికిన వస్తువుల ప్రదర్శన ఎలా ఉండాలన్న విషయంలో కూడా స్థానికుల అభిప్రాయం తీసుకున్నారు.

పిల్లలకు చెప్పవలసిన సంగతులకు కొదవ లేదు. రోమనుల కాలంలో మియోస్ హోర్మోస్ అనబడిన ప్రసిద్ధ రేవు ఇదేనని ఆ తవ్వకాలలో రూఢి అయింది. భారతదేశపు మిరియాలు, తమిళ బ్రాహ్మీ లిపిలో పేర్లు చెక్కిన కుండపెంకులు అక్కడ లభించాయి. ముస్లిముల కాలంనాటి కొన్ని సమాధులపై పాత ఓడల పలకలను కప్పుగా పరిచారు. ఆ పలకలు మేకులతో కాక తాళ్ళతో కుట్టబడినవి. సముద్రంతో బ్రతికిన ప్రజలకు కడపటి నీడ కూడా ఓడయే ఇచ్చింది.

ఇటువంటి స్థలాలకు నిజమైన రక్షణ ఏది? తీరమంతటా విహార హోటళ్ళు వెలిశాయి. పాత రేవు పక్కన కూడా ఒకటి ఉన్నది. ప్రభుత్వ కంచె కొంతవరకే కాపాడగలదు. ఆ దిబ్బ తమ పూర్వీకుల నివాసమని ఎరిగిన ఊరు దానిని కాపాడుకుంటుంది. ఎరగని ఊరికి అది ఇసుక దిబ్బ మాత్రమే. తవ్వకాలు కొన్ని సంవత్సరాలలో ముగుస్తాయి. ఈ ఎరుకను తరం తరానికి అందించే పని మాత్రం పాఠశాలలోను, ఇంటిలోను నిత్యం సాగవలసి ఉంటుంది.

ఈ పాఠం ఖుసైర్‌కే పరిమితం కాదు. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం నుండి కూడా ఓడలు బట్టలతోను, హజ్ యాత్రికులతోను ఎర్రసముద్రానికి సాగిపోయాయి. తెలుగు తీరంలోని పాత మస్జిదులు, సమాధి ఫలకాలు, ఇండ్లలో అటకలపై మూలుగుతున్న పాత కాగితాలు కూడా చరిత్రకు సాక్షులే. అబూ ముఫర్రిజ్ ఇంట మిగిలిన చీటీలు ఒకనాడు పనికిరానివని పారవేయబడినవే. అవి నేడు ఒక తీరపు చరిత్రను చెబుతున్నాయి. పెద్దల కాగితాలను చెదలకు వదిలే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం అవసరం.