వృద్ధపోషణము – ప్రజాధనము

వార్ధక్యము దోషము కాదు. దీర్ఘాయుష్మంతుడవు కమ్మని పెద్దలు పిన్నలను దీవించునపుడు, ఆ దీవెన ఫలించినచో చివరకు వచ్చునది వార్ధక్యమే కదా. కాని కాలుసేతు లాడక, తన బట్ట తాను కట్టుకొనలేక, ఒకరు నోటికందించిన గాని అన్నము తినలేని దశ సంవత్సరములకొలది సాగినపుడు, ఆ సేవకగు వ్యయమును ఎవరు భరింపవలెను? కుటుంబమా, గ్రామమా, ప్రభుత్వమా? భరించువారు ఏ నిబంధనపై భరింపవలెను? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్తరాష్ట్రములు మూడువందల యేండ్లకు పైబడి చెప్పుచు వచ్చిన సమాధానములను ఈ వ్యాసమున పరిశీలింప దలచినాము. మన తెలుగు బిడ్డలు వేలకొలదిగా ఆ దేశమున స్థిరపడి, తల్లిదండ్రులను సైతము అచటికి గొనిపోవుచున్న యీ కాలమున ఇది మనకు కేవలము పరాయి చరిత్ర కాదు.

అమెరికా తూర్పుతీరమున వలసలు నిలిపిన ఆంగ్లేయులు తమ భాషతోపాటు తమ బీదల చట్టమును గూడ వెంట గొనిపోయిరి. ఎలిజబెతు రాణి కాలమున 1601లో కుదురుకొన్న ఆ చట్టము మూడు నియమములపై నిలిచినది. ప్రతి పారిష్, అనగా ఒక చర్చి పరిధిలోని ప్రాంతము, తన బీదలను తానే పోషింపవలెను. అందులకు అచటివారు పన్ను చెల్లింపవలెను. ముదుసలికి శక్తిగల బిడ్డలున్నచో మొదటి భారము వారిది. ఊరి భారము తరువాతిది.

వలసపట్టణములలో తొలుత ఈ పోషణ ఇండ్లలోనే జరిగెడిది. దిక్కులేని వృద్ధుని ఒక గృహస్థుని యింట నుంచి, అందుకై ఊరినిధినుండి కొంత సొమ్ము ముట్టజెప్పెడివారు. కాలక్రమమున పన్ను చెల్లించువారికి ఇదియు భారముగా తోచెను. అంతట కొన్ని యూళ్లలో వేలము పద్ధతి పుట్టినది. మనవైపు వేలమన్నచో ఎక్కువ పాడినవానికి సొత్తు దక్కును. అక్కడ తక్కువ పాడినవానికి ముదుసలి దక్కెను. ఎవడు అందరికంటె తక్కువ సొమ్మునకు ఒక యేడు పోషింతునని ఒప్పుకొనునో, వానికే ఆ బీదను అప్పగించెడివారు. తక్కువకు ఒప్పుకొన్నవాడు ఎక్కువ తిండి పెట్టడని వేరుగ చెప్పవలసిన పని లేదు.

1824లో న్యూయార్కు రాష్ట్రకార్యదర్శి యేట్స్ శాసనసభకు ఒక నివేదిక సమర్పించెను. వేలము క్రూరమనియు, ఇండ్లకు సొమ్ము పంపుట సోమరితనమునకు దోహదమనియు, కావున కౌంటీకొక దరిద్రశాల కట్టవలెననియు అందలి సారాంశము. ఆ యేడే చట్టమయ్యెను. ఇతర రాష్ట్రములును ఆ త్రోవనే నడచినవి. వారు ‘పూర్‌హౌస్’ అని పిలిచిన యీ దరిద్రశాలలలో వృద్ధులు, అనాథబాలకులు, మతిచలించినవారు, త్రాగుబోతులు ఒకే కప్పుక్రింద నుండిరి. అచట సౌఖ్యము లేకుండుట పొరపాటున జరిగినది కాదు. సౌఖ్యముగా నుండినచో అందరును వత్తురని పాలకుల భయము. తరువాతి దశాబ్దములలో బాలకులకును ఉన్మాదులకును వేరు ఆశ్రమములు ఏర్పడినవి. ఇరువదవ శతాబ్దారంభమునకు ఆ శాలలలో మిగిలినవారిలో అధికులు వృద్ధులే. ఆరుగురు బిడ్డలుండియు కొండకావలి దరిద్రశాలకు నడచిపోయిన తల్లిని గూర్చి విల్ కార్ల్‌టన్ అను కవి 1871లో ప్రకటించిన గీతము ఆ దేశమున ఇంటింట వినబడినదన్నచో, ఆ భయ మెంత సామాన్యమో ఊహింపవచ్చును.

1929లో మొదలైన ఆర్థికసంక్షోభము ఈ వ్యవస్థను కదలించినది. జీవితమంతయు పొదుపుచేసినవారి బ్యాంకులు మూతపడినవి. తల్లిదండ్రులను సాకవలసిన బిడ్డలు తామే పనిలేక తిరిగిరి. బీదరికము సోమరుల పాపమను పాతమాట నిలువలేదు. కార్మికమంత్రిణి ఫ్రాన్సిస్ పెర్కిన్స్ అధ్యక్షతను కూడిన సంఘము సిద్ధపరచిన ప్రణాళిక మూలముగా, 1935 ఆగస్టు 14న రూజ్వెల్ట్ అధ్యక్షుడు సామాజికభద్రతా చట్టముపై సంతకము చేసెను. అందు వృద్ధులకు రెండు మార్గములు తెరచిరి. ఒకటి, పనిచేయు కాలమున చెల్లించినవానికి ముదిమిలో హక్కుగా వచ్చునది. రెండవది, కేవలము బీదలైన వృద్ధులకు రాష్ట్రములు ఇచ్చు సహాయము. నెలకు 30 డాలర్ల వఱకు ఇచ్చినదానిలో సగము కేంద్రప్రభుత్వము భరించెను.

ఈ రెండవ మార్గమున ఒక చిన్న వాక్యము కలదు. ప్రభుత్వసంస్థలో నివసించువానికి ఈ సహాయము చెల్లదని దాని భావము. దరిద్రశాలలు మూతపడవలెనను సదుద్దేశముతో ఆ వాక్యమును చేర్చిరి. నడవగలవారు, వండుకొనగలవారు ఆ శాలలు విడిచి తమ యిండ్లకు చేరిరి. కాని మంచము దిగలేనివారి గతి యేమి? వారికి ఇంటికన్న సేవ ముఖ్యము. వారి చేతనున్న నెలసొమ్మును చూచి, ప్రైవేటు గృహస్థులు తమ యిండ్లలో మంచములు వేసి వారిని చేర్చుకొనసాగిరి. వారిలో కొందరు దాదులను నియమించుకొనిరి. ఈనాటి నర్సింగుహోముల వ్యాపారమునకు ఆ వాక్యము గొప్ప ఊతమైనది. మనవైపు నర్సింగుహోమన్నచో చిన్న ఆసుపత్రి; అచట అది నెలలు, సంవత్సరములు నివసించు వృద్ధుల సేవాగృహము. ఒక ద్వారమును మూయుటకై వ్రాసిన మాట వేరొక ద్వారమును తెరచుట చరిత్రలో అరుదు కాదు.

పిదప 1950లో చట్టమును సవరించి, వైద్యసేవ చేసినవారికి ప్రభుత్వమే నేరుగా సొమ్ము చెల్లించుటకు వీలు కల్పించిరి. 1954లో ఇట్టి గృహముల నిర్మాణమునకు కేంద్రనిధులు దొరకినవి. 1960లో కెర్, మిల్స్ అను శాసనకర్తల పేర వచ్చిన చట్టము బీదవృద్ధుల వైద్యమునకు మరికొంత సాయము చేర్చినది. ఇట్లు మెట్టుమెట్టుగా ఎదిగినదే 1965 నాటి గొప్ప చట్టము. జూలై 30న జాన్సన్ అధ్యక్షుడు మిస్సోరీ రాష్ట్రమందలి ఇండిపెండెన్స్ పట్టణమునకు బోయి, వృద్ధుడైన మాజీ అధ్యక్షుడు ట్రూమన్ సమక్షమున దానిపై సంతకము చేసెను.

ఆ చట్టమున మెడికేర్, మెడికెయిడ్ అను కవలలు పుట్టినవి. పేర్లు దగ్గరివైనను గుణములు వేరు. మెడికేర్ 65 యేండ్లు దాటినవారికి వైద్యబీమా. ధనికుడని, పేదయని చూడదు. కాని అది రోగమును చూచును, ముదిమిని చూడదు. ఆసుపత్రినుండి వచ్చినవానికి నర్సింగుహోములో అది భరించు దినములు ఒక పర్యాయమునకు 100కు మించవు. అందును మొదటి 20 దినములకే పూర్తిగా చెల్లించును. నయమగు రోగము లేక, స్నానము చేయించుటకు, తినిపించుటకు మాత్రమే మనిషి కావలసినవానికి అది చేయి చాపదు. మెడికెయిడ్ బీదలకై ఏర్పడినది. కేంద్రమును రాష్ట్రములును కలసి దాని వ్యయమును భరించును. నర్సింగుహోము సేవ అందులో తప్పనిసరి అంగము. నేడు అమెరికాలో నర్సింగుహోములందున్న పదిమందిలో ఇంచుమించు ఆరుగురి వ్యయమును ఇదియే ప్రధానముగా భరించుచున్నది. 

అయినచో అంతమందియు పుట్టుబీదలా? కాదు. ఉపాధ్యాయులు, రైతులు, గుమాస్తాలు వారిలో నున్నారు. నెలకు వేలకొలది డాలర్ల వ్యయముతో దాచుకొన్న సొమ్ము కరగి, బీదలై, ఆ పిమ్మట అర్హులైరి. ఒంటరివాని చేతి ఆస్తి, కొన్ని మినహాయింపులు పోను, 2,000 డాలర్లకు దిగినగాని పెక్కు రాష్ట్రములలో ఈ సహాయము లభింపదు. లభించిన పిమ్మట అతని పింఛనాది రాబడి దాదాపు అంతయు హోముకే పోవును. స్వంతఖర్చులకై నెలకు కనీసము 30 డాలర్లు విడువవలెనని 1987 నాటి చట్టము నిర్ణయించినది. ఆ కనీసమొత్తము నేటికిని మారలేదు. క్షౌరమునకును, బిడ్డతో టెలిఫోనులో మాటలాడుటకును, మనుమనికి పుట్టినదినపు కానుకకును అదియే ఆధారము.

భార్యాభర్తలలో ఒకరు హోములో చేరినచో ఇంటనున్న రెండవవారును దివాలా తీయుట తొలుత సామాన్యమైయుండెను. 1988లో చేసిన చట్టము వారికి కొంత ఆస్తిని, రాబడిని విడిచిపెట్టినది. ఆ చట్టమున అధికభాగమును మరుసటి యేడే రద్దుచేసిరి. ఈ భాగము మాత్రము నిలిచినది. మరొకవైపు కట్టుబాట్లు బిగిసినవి. ఆస్తిని బిడ్డలపేర వ్రాసి బీదనని చెప్పుకొనువారిని అరికట్టుటకు గతలావాదేవీలను పరిశీలింతురు. 1988లో ఆ పరిశీలన 30 నెలలకు పరిమితము. 1993లో 36 నెలలాయెను. 2006 ఫిబ్రవరిలో సంతకమైన చట్టముతో 60 నెలలాయెను. బ్రతికియున్నంతకాలము కొన్ని నిబంధనలపై ఇంటిని విడిచిపెట్టినను, మరణానంతరము ఆ వృద్ధుని ఆస్తినుండి వ్యయమును రాబట్టుట రాష్ట్రముల విధియని 1993లో శాసించిరి.

ఈ నియమములను సమర్థించువారి వాదమును గూడ మనము వినవలెను. బీదలకై పన్నులవలన కూర్చిన సొమ్మును, మేడలు గలవాడు వకీలు సాయముతో ఆస్తి దాచి అనుభవించుట న్యాయమా యని వారడుగుదురు. ఆ మాటలో సత్యము కలదు. కాని కట్టుబాటు పట్టుకొనునది మోసగానినే కాదు. అయిదేండ్లనాడు కూతురి చదువునకు సాయము చేసిన తండ్రియు దాని వలలో బడవచ్చును. మధ్యతరగతి వృద్ధునికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి: బీమా కొనుటకు చాలనివాడు, సహాయమునకు మించినవాడు. పొదుపు చేయుమని జీవితమంతయు బోధించిన సంఘమే, పొదుపు హరించిపోయినగాని చేయూత నీయనని చివర చెప్పుట మాకు సమ్మతము కాదు.

సంస్కరణములు జరుగలేదని చెప్పము. హోములలోని నిర్లక్ష్యము బయటపడగా, 1986లో వైద్యవిజ్ఞానసంస్థ ఇచ్చిన నివేదిక ఆధారముగా 1987లో చట్టము చేసిరి. కారణము లేక వృద్ధులను మంచమునకు, కుర్చీకి కట్టివేయరాదని అది శాసించినది. ఇంటనే సేవ పొందుటకు రాష్ట్రములు అనుమతి గోరవచ్చునని 1981లో త్రోవ తీసిరి. సంస్థలలో అనవసరముగా నిర్బంధించుట వివక్షయని 1999లో సుప్రీంకోర్టు చెప్పెను. 2013 నాటికి దీర్ఘకాలసేవలపై మెడికెయిడ్ ఖర్చులో సగమునకు మించి ఇండ్లకును, ఊరిలోని సేవలకును చేరినది. అయినను హోములో మంచము చట్టమిచ్చిన హక్కుగాను, ఇంటిలో సేవ రాష్ట్రముల ఇష్టముగాను నేటికిని ఉన్నవి. పెక్కు రాష్ట్రములలో ఇంటిసేవకై వరుసలో వేచియుండవలెను.

హక్కుగా సేవ నిచ్చు మార్గము లోకమున లేకపోలేదు. జర్మనీ 1995లోను, జపాను 2000లోను నిర్బంధ సేవాబీమాను స్థాపించినవి. అందరును చెల్లింతురు, అవసరమైనవారు పొందుదురు. అమెరికాలో 2010లో చేసిన ప్రయత్నము ఇష్టమున్నవారే చేరునట్టిది. అది ఆర్థికముగా నిలువదని తేలగా, 2013 జనవరిలో రద్దయ్యెను. వాషింగ్టన్ రాష్ట్రము మాత్రము 2019లో చట్టము చేసి, 2023 జూలై నుండి జీతములపై నూటికి 0.58 చొప్పున వసూలు మొదలిడినది. దీనిని ఐచ్ఛికము చేయవలెనను ప్రతిపాదనను 2024లో ఆ రాష్ట్రపు ఓటర్లు తిరస్కరించిరి.

ఇక బిడ్డల మాట. 1601 నాటి మూడవ నియమమును 1965 చట్టము మెడికెయిడ్ విషయమున త్రోసివేసినది; తల్లిదండ్రుల అర్హతను నిర్ణయించునపుడు పెద్దబిడ్డల ఆదాయమును లెక్కింపరాదు. అయినను కొన్ని రాష్ట్రములలో పాతచట్టములు చావలేదు. పెన్సిల్వేనియాలో 2012లో ఒక కుమారుడు తల్లి హోముఖర్చు క్రింద సుమారు 93 వేల డాలర్లు చెల్లింపవలెనని న్యాయస్థానము తీర్పు చెప్పెను. మనవారి విషయమున ఆ నియమము వేరొకదారిని వచ్చినది. 1996 ఆగస్టు చట్టము వలన, తరువాత శాశ్వతనివాసమునకు వచ్చినవారు సామాన్యముగా అయిదేండ్లు గడువనిదే కేంద్రము భాగము పంచుకొను మెడికెయిడ్‌కు అర్హులు కారు. తల్లిదండ్రులను పిలిపించుకొన్న కుమారుడు వారి పోషణకు తాను బాధ్యుడనని చట్టబద్ధముగా హామీ వ్రాసియీయవలెను. డెబ్బదియవయేట తల్లిని రప్పింపదలచినవారు ప్రయాణపు టిక్కెట్టుకు ముందు ఈ లెక్క చూచుకొనుట మేలు.

మన దేశమున 2007లో చేసిన తల్లిదండ్రుల పోషణచట్టము సైతము మొదటి భారమును బిడ్డలపైననే ఉంచినది. జిల్లాకొక వృద్ధాశ్రమమును రాష్ట్రములు క్రమముగా నెలకొల్పవచ్చుననియు చెప్పినది. మాతృదేవో భవ, పితృదేవో భవ యనుచు పెరిగిన మనకు బిడ్డల బాధ్యత క్రొత్త కాదు. కాని ప్రేమను చట్టము పుట్టింపలేదు. ప్రేమ గల బిడ్డకును రాత్రింబవళ్లు పదియేండ్లు సేవచేయు శక్తి ఉండదు. బిడ్డలు లేనివారి సంగతి చెప్పనేల?

వేలమునుండి దరిద్రశాలకు, దరిద్రశాలనుండి హోమునకు అమెరికావృద్ధుడు చేరినాడు. పరుపు మెత్తనైనది, వైద్యుడు వచ్చినాడు, కట్లు విప్పినారు. మారనిది గుమ్మము, దానిని దాటుటకు నేటికిని దారిద్ర్యమే అనుమతిపత్రము. మన వృద్ధులకై చట్టములును నిధులును ఇంకను రూపొందుచున్న యీ దశలో మనము ఆ గుమ్మమును అనుకరింపక, పనిచేయు వయసున అందరును కొంచెము కొంచెము చెల్లించి, ముదిమిలో తలవంచక పొందు మార్గమును ఆలోచించుట యుక్తము. సర్వమును పోగొట్టుకొన్నవానికి చేయిచ్చుట దయ; పోగొట్టుకొనకమునుపే నిలబెట్టుట న్యాయము. వృద్ధులు మననుండి కోరదగినది న్యాయము.