గులాబీ రైలు, నల్ల రైలు

మేముండేది న్యూజెర్సీలో. మా వీధి చివరింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఒకరున్నారు. పోయినేడు మే నెలలో ఇల్లు సర్దుకుంటూ గరాజ్ సేల్ పెట్టారు. నేను వెళ్ళింది పూలకుండీల కోసం. తెచ్చుకున్నది మాత్రం ఒక పాత అట్టపెట్టె. అందులో నల్ల ఇంజను, బొగ్గు టెండరు, నాలుగు పెట్టెలు, తుప్పుపట్టిన పట్టాలు, ఇటుకంత బరువున్న ట్రాన్స్‌ఫార్మర్. ఇంజను క్యాబిన్ కింద 2037 అని అంకె.

"మా ఆయనది. ముప్ఫై ఏళ్ళు బేస్‌మెంట్‌లో నడిపాడు. నన్నెప్పుడూ మీట ముట్టుకోనివ్వలేదు" అన్నారావిడ నవ్వుతూ. నలభై డాలర్లకు ఇచ్చేశారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మా నాన్న కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరు. సెలవు రోజుల్లో తమ్ముణ్ణి సైకిల్ మీద ఎక్కించుకుని షెడ్డుకు తీసుకెళ్ళేవాడు. నేనూ వస్తానంటే, "ఆడపిల్లవి, ఆ నూనె మరకలు నీకెందుకమ్మా" అనేవాడు. ప్రేమగానే అనేవాడు, అదే చిక్కు. తమ్ముడికి ఇప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కూడా రాదు లెండి.

పెట్టె మీద పేరు లయనెల్. అమెరికాలో ఒక తరం మొత్తానికి బొమ్మ రైలంటే ఇదేనట. జాషువా లయనెల్ కోవెన్ 1900లో న్యూయార్క్‌లో ఒక భాగస్వామితో కలిసి ఈ కంపెనీ పెట్టాడు. మొదట చేసింది పిల్లల బొమ్మ కాదు. దుకాణం అద్దాల వెనక సరుకు చూపించడానికి, మోటారుతో గుండ్రంగా తిరిగే చిన్న బండి. జనం సరుకు మానేసి బండిని అడిగారు. అలా మొదలైంది వ్యాపారం. 1906లో మూడు పట్టాల దారి తెచ్చాడు. నడిమి పట్టాలోంచి కరెంటు ఇంజనుకు ఎక్కుతుంది, పక్క పట్టాల గుండా తిరిగిపోతుంది. అసలు రైలుకు మూడో పట్టా ఎక్కడుంది అని మీరడగొచ్చు. కానీ పిల్లలు దారిని ఎన్ని మెలికలు తిప్పి కలిపినా షార్టు అవదు, అదీ దాని సుగుణం.

ఫ్యాక్టరీ మాకు దగ్గర్లోనే, ఇర్వింగ్టన్‌లో ఉండేది. అక్కడి పాత ఫొటోలు చూస్తే బల్లల వెంట వరసగా కూర్చుని రైళ్ళు బిగిస్తున్నది ఆడవాళ్ళు. అదే కంపెనీ ప్రకటనల్లో చూడండి, తండ్రీ కొడుకులు. నేలమీద బోర్లా పడుకుని పట్టాలు పేర్చేది వాళ్ళే. బిగించడానికి పనికొచ్చిన చేతులు నడపడానికి పనికిరాలేదన్నమాట.

ఆడపిల్లల్ని వాళ్ళు అసలు తలచుకోలేదనను. రెండుసార్లు తలచుకున్నారు. 1930లో మొదటిసారి. అప్పుడేం చేశారో తెలుసా? పొయ్యి! ఎనామెల్ పూత వేసిన బుల్లి ఎలక్ట్రిక్ పొయ్యి, ఓవెన్‌తో సహా. నిజంగా వంట చేసుకోవచ్చు. చదివి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ధర ఎక్కువ, పైగా ఆర్థికమాంద్యం రోజులు. అది ఆడలేదు.

1934లో కంపెనీయే అప్పులపాలై కోర్టు నియమించిన రిసీవర్ల చేతికి పోయింది. ఆ ఏడే ఒక డాలరుకు మిక్కీ మౌస్ తోపుడు బండి వచ్చింది. కీ ఇస్తే మిక్కీ, మిన్నీ ఎదురెదురుగా నిలబడి మీట కొడుతూ పట్టాల మీద వెళ్తారు. రెండున్నర లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. కంపెనీని గట్టెక్కించింది అదొక్కటే అనడం అతిశయోక్తే గానీ, మిన్నీ కూడా సగం మీట కొట్టిందని మనం గుర్తుపెట్టుకోవాలి. యుద్ధకాలంలో, 1942లో రైళ్ళు ఆపేసి నౌకాదళానికి దిక్సూచులు చేశారు. యుద్ధం అయ్యాక 1946లో పొగ వదిలే ఇంజన్లు, 1950లో చక్రాలు పట్టాలకు అయస్కాంతంలా అతుక్కునే ఇంజన్లు వచ్చాయి. అవి వాళ్ళ స్వర్ణయుగం.

రెండోసారి 1957లో. ఇళ్ళలోకి టీవీలు వచ్చేశాయి, రైళ్ళ అమ్మకాలు జారుతున్నాయి. మిగిలిన సగం పిల్లలకు కూడా అమ్మితే? అనిపించినట్టుంది. ఆడపిల్లల కోసమని ప్రత్యేకంగా ఒక సెట్టు చేశారు. గులాబీ ఇంజను, లేత ఊదా, వెన్నపసుపు, లేత నీలం పెట్టెలు, చివర ఆకాశనీలం గార్డు పెట్టె. పీచుమిఠాయి బండిలా ఉంటుంది. కొనేవాళ్ళు లేకపోయారు. రైలు కావాలనుకున్న పిల్లకు నిజం రైలులాంటి రైలే కావాలి మరి. అన్నయ్యకు ఉన్నలాంటి నల్లదే.

ఇక్కడ అసలు తమాషా. ఆ గులాబీ ఇంజను నంబరు కూడా 2037. నా పెట్టెలో ఉన్నదే! అదే మోటారు, అవే చక్రాలు, రంగొక్కటే తేడా. అమ్ముడుపోని గులాబీ ఇంజన్లకు కొందరు దుకాణదారులు నల్లరంగు పూసి వదిలించుకున్నారని సేకరించేవాళ్ళ మధ్య ఒక కబురు తిరుగుతూ ఉంటుంది. అది చదివిన రాత్రి మావారు పడుకున్నాక టార్చి పట్టుకుని, నా ఇంజను అంచున రంగు లేచిపోయిన చోటల్లా వెతికాను. గులాబీ లేదు. బూడిదరంగు లోహం. కొంచెం నిరాశపడిన మాట నిజం. అసలు గులాబీ సెట్టు మంచి స్థితిలో ఉంటే ఇప్పుడు వేల డాలర్లు పలుకుతుంది. అందుకని ఇప్పుడు నల్లవాటికి గులాబీ పూసి మోసం చేసేవాళ్ళు తయారయ్యారు!

ఇక నా మరమ్మతు సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ తీగ మీది రబ్బరు పెళుసై పెచ్చులూడుతోంది. దాన్ని ప్లగ్గులో పెట్టకుండా, తెలిసినతని చేత తీగ మార్పించాను. కరెంటుతో పంతాలొద్దు. ఆ తర్వాత పట్టాల మీద పెడితే ఇంజను తేనెటీగలా రొద చేసిందే తప్ప కదల్లేదు. "కొత్తది కొంటే పోయేదిగా" అన్నారు మావారు. పాత వీడియోలు చూస్తూ విప్పాను. పాత గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంది. పళ్ళపుల్లలు, దూది, స్పిరిట్‌తో మూడు మధ్యాహ్నాలు పట్టింది. మోటారులో కరెంటు అందుకునే రాగి పళ్ళేన్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దితే తళతళలాడింది. దాని మీద ఆనే కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయి, కొత్తవి తెప్పించాను. వాటి స్ప్రింగు ఒకటి ఎగిరి కార్పెట్‌లో పడితే గంటసేపు మోకాళ్ళ మీద వెతికాను. ముందుకూ వెనక్కూ మార్చే చిన్న డ్రమ్ము ఉంటుంది, రొద దానిదే. దాని రాగి వేళ్ళు కూడా తుడిచాను.

ఒక్కటి చెప్పాలి. పట్టాల తుప్పుకు గిన్నెలు తోమే స్టీలు పీచు వాడబోయి ఆగాను. దాని పోగులు అయస్కాంతపు చక్రాలకు అంటుకుని మోటారులోకి పోతాయట. స్పిరిట్ గుడ్డే మేలు.

నాలుగో రోజు వంటింటి గట్టు మీద అది కదిలింది. వేడెక్కిన నూనె వాసన వచ్చింది. నాన్న డ్యూటీ చొక్కా ఉతికేముందు వచ్చే వాసన. స్టవ్ మీద పప్పు అడుగంటింది.

సంక్రాంతికి బొమ్మల కొలువు మెట్ల చుట్టూ పట్టాలు పరిచాను. పేరంటానికి ఆ పెద్దావిణ్ణీ పిలిచాను. పట్టుచీరల మధ్య స్వెటర్ వేసుకుని కూర్చుని, నుదుట కుంకుమ పెట్టించుకున్నారు. నేను ట్రాన్స్‌ఫార్మర్ ఆవిడ ముందుకు జరిపి, కూత మీట ఎక్కడుందో చూపించాను. ముందు అది నొక్కారు. టెండరులోని బుల్లి ఫ్యాను తిరిగి కూత వేసింది. పిల్లలు కేకలు పెట్టారు. ఆవిడ ఇంకో మీట పట్టుకుని ఒక్కసారిగా చివరికంటా తిప్పేశారు. రైలు మలుపు దాటలేక ఇంజనుతో సహా బోల్తాపడి, తాండ్ర పళ్ళెంలోకి వెళ్ళింది.

"అయ్యో" అని నేను లేచేలోపే, "మళ్ళీ పెట్టు" అన్నారావిడ, మీట వదలకుండానే.