రెక్క కండరం ఎక్కడిది? – పక్షి పిండాల్లో కణవంశ అన్వేషణ

పక్షి పిండంలో రెక్క మొగ్గ తొడిగినప్పుడు ఎముక, కండరం వేరువేరుగా కనిపించవు. ఆ మొగ్గ పార్శ్వ మధ్యత్వచం నుండి వెలువడుతుంది. మరి అందులోని కండరం కూడా అక్కడి కణాలదేనా, లేక వెన్ను పొడవునా ఇరువైపులా జతలుగా ఏర్పడే సోమైట్‌ల నుండి వలస వచ్చినదా? ఈ వివాదం 1970ల వరకు తేలలేదు.

మొదటి వాదానికి ప్రయోగబలం లేకపోలేదు. మొగ్గను కోసి వేరొకచోట నాటినా అందులో కండరం ఏర్పడేది. అయితే కోతకు ముందే సోమైట్ కణాలు మొగ్గలో చేరి ఉంటే ఈ ప్రయోగం దేనినీ నిరూపించదు. వాదం తేలాలంటే కణానికి చెరగని గుర్తు కావాలి. అసిడియన్ అనే సముద్రజీవి అండంలో ప్రకృతే అటువంటి గుర్తును పెట్టింది. అందులోని పసుపు ద్రవ్యం తోక కండరాలకు చేరడాన్ని 1905లో ఎడ్విన్ కాంక్లిన్ వర్ణించారు. పక్షికి ఆ సౌకర్యం లేదు. పైనుండి అద్దిన రంగులు కాలక్రమంలో పలచబడేవి. ట్రిటియం కలిపిన థైమిడిన్ కూడా కణం విభజన చెందిన ప్రతిసారీ సగమయ్యేది.

1969లో ఫ్రెంచి పిండశాస్త్రవేత్త నికోల్ లె దువారాన్ ఒక చిన్న భేదాన్ని సాధనంగా మలిచారు. జపాన్ కౌజుపిట్ట కణ కేంద్రకంలో క్రొమాటిన్ పెద్ద ముద్దగా గట్టిపడి ఉంటుంది, కోడి కణంలో అది చెదిరి ఉంటుంది. ఫోయిల్గన్ రంజనం చేస్తే ఈ భేదం సూక్ష్మదర్శినిలో స్పష్టంగా తెలుస్తుంది. కణం ఎన్నిసార్లు విభజన చెందినా ఈ గుర్తు తరగదు, పొరుగు కణానికి అంటుకోదు.

1977లో జర్మనీలో క్రిస్ట్, జాకబ్ దంపతుల బృందమూ, గ్రెనోబుల్‌లో షెవాలియే, కియెనీ, మోజె బృందమూ కోడిపిండం సోమైట్‌లను తొలగించి, వాటి చోట కౌజుపిట్ట సోమైట్‌లను నాటాయి. రెక్క కండర తంతువుల కేంద్రకాలు కౌజుపిట్టవి. ఎముక, స్నాయుబంధనం, కండరాన్ని చుట్టిన సంయోజక కణజాలం కోడివి. ఒకే అవయవంలో రెండు వంశాలు! దశాబ్దాల వాదాన్ని తేల్చినది కొత్త సిద్ధాంతం కాదు, ఒక రంజనం.

అదే పద్ధతి కండరాల మరమ్మతు వైపుకూ సాగింది. తంతువుకూ దాని ఆధారపటలానికీ నడుమ ఒదిగి ఉండే శాటిలైట్ కణాలను 1961లో అలెగ్జాండర్ మౌరో కప్ప కండరంలో గుర్తించారు. అవీ సోమైట్ సంతతేనని 1983లో కౌజుపిట్ట–కోడి మిశ్రపిండాలు సూచించాయి. 1999లో ఎలుక పిండపు మహాధమని నుండి కండరజనక కణాలు లభించడంతో ఈ నిర్ణయం మళ్లీ ప్రశ్నార్థకమైంది. అయితే తగిన పరిస్థితిలో కణం ఏమి కాగలదన్నది ఒక ప్రశ్న, శరీరంలో సహజంగా ఏమవుతుందన్నది మరొక ప్రశ్న. ఈ రెండింటినీ కలగలపడం ఈ రంగంలో తరచు జరిగిన పొరపాటే. 2005లో క్రిస్టొఫ్ మార్సెల్ బృందం పక్షి పిండాల్లో సోమైట్ పైపొరకు గుర్తు పెట్టి, మొండెపు కండరాల శాటిలైట్ కణాలు అక్కడివేనని చూపింది.

వంశం తెలిసినంత మాత్రాన ఆవశ్యకత తెలియదు. అందుకు కణాలను గుర్తించడం చాలదు, తొలగించి చూడాలి. 2011లో పలు బృందాలు పాక్స్7 జన్యువు పలికే కణాలను ఎలుకల్లో నిర్మూలించగా, గాయపడిన కండరం పునరుద్ధరణ చెందలేదు. తల కండరాల సంగతి వేరు. వాటిలో చాలావాటి శాటిలైట్ కణాలు సోమైట్‌లవి కావు, శిరోభాగపు మధ్యత్వచం నుండి వచ్చినవి.